కథకి ఇల్లుంది... మరి బొమ్మకి?

పలాస పేరు చెబితే జీడిపప్పు. టెక్కలి పేరు చెబితే తేలినీలాపురం పక్షులు. ఉద్దానం పేరు చెబితే ఒకప్పుడు కొబ్బరితోటలు, ఇప్పుడు కిడ్నీ జబ్బు. ఒక్కో ఊరి మీద ఒక్కో ముద్ర పడిపోయింది. ఆ ముద్రల్లో ఎక్కడా ‘బొమ్మ’ అన్న మాట లేదు. కాశీబుగ్గలో బస్సు దిగి ‘బొమ్మలు చూసే చోటు ఎక్కడండీ?’ అని అడిగితే సినిమా హాలు చూపిస్తారు. మన భాషలో బొమ్మంటే సినిమాయే కదా మరి!

నవ్వుకోడానికి చెప్పడం లేదు. మన గురించి బొమ్మలు లేవా అంటే బోలెడున్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ మర్నాటి నుంచి కూలిపోయిన కొబ్బరిచెట్ల ఫొటోలు దేశమంతా చూసింది. డయాలసిస్ మంచాల మీద పడుకున్న ఉద్దానం రైతుల ఫొటోలు ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది. గుజరాత్ వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన మత్స్యకారుల కథ 2025లో ‘తండేల్’ అనే సినిమా అయ్యింది. అన్నీ మన బొమ్మలే. కానీ తీసింది బయటివాళ్లు, ఎక్కువమంది చూసింది కూడా బయటే. మన మొహం మనం తీరిగ్గా చూసుకునే అద్దం ఒకటి మన ఊళ్లో ఉండాలా, వద్దా? నా బాధ అదీ.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, తీరం మారిపోతోంది కాబట్టి. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. పోర్టు వెనకే రోడ్లు, హోటళ్లు, ఆ వెనకే ‘బీచ్ సుందరీకరణ’ వస్తాయి. ఆ సుందరీకరణ ఎలా ఉంటుందో మనకి తెలుసు. రంగుల లైట్లు, ఫైబర్ డాల్ఫిను, ‘ఐ లవ్’ అని పెద్దక్షరాలు, ఓ సెల్ఫీ పాయింటు. బాగా డబ్బులుంటే, ఓ అద్దాల భవనం కట్టి దానికి ‘ఆర్ట్ గ్యాలరీ’ అని బోర్డు కూడా పెట్టొచ్చు. అలాంటి రోజు వస్తే మనం ఏం అడగాలి? ఏం వద్దనాలి? సముద్రం పక్కన బొమ్మలకి చోటు కట్టుకున్న ఊళ్లు కొన్ని ఉన్నాయి. వాళ్ల అనుభవం మనకి పనికొస్తుంది. అయితే మొదటి పాఠానికి అంత దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం దాకా వెళ్తే చాలు.

ముందు సరుకు, తర్వాత గోడ

కాళీపట్నం రామారావు మాస్టారు లెక్కలు చెప్పుకునే బడిపంతులు. ‘యజ్ఞం’ కథ రాసిన మనిషి. తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలన్నది ఆయన పంతం. పాత పత్రికలు, సంపుటాలు, ఎవరింట్లో చెదలు పడుతున్నా సరే, అడిగి తెచ్చుకున్నారు. ఆయన 2021లో వెళ్లిపోయారు. కథానిలయం మాత్రం ఉంది. కథ మీద పరిశోధన చేసేవాళ్లు హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం బస్సెక్కే రోజు వచ్చింది చూశారూ, అదీ ఆయన సాధించింది.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, మాస్టారు ముందు భవనం గురించి ఆలోచించలేదు. ముందు కథల గురించి ఆలోచించారు. కథలు పోగవుతుంటే వాటికో ఇల్లు కావాల్సి వచ్చింది. మన ప్రభుత్వ భవనాలు చాలావాటికి జరిగేది తలకిందులు. ముందు శిలాఫలకం, తర్వాత గోడలు, ఆ తర్వాత ‘ఇందులో ఏం పెడదాం?’ అని మీటింగు.

బాతిక్ అమ్మి కొన్న నేల

ఈ తీరం వెంటే దక్షిణానికి పోతే చెన్నై దాటాక ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. 1966లో మొదలైంది. అప్పట్లో మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ స్కూలుకి ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణికర్. తన దగ్గర చదువుకున్న కుర్రాళ్లు మంచి చిత్రకారులై కూడా, పొట్టకూటికి ఏదో ఉద్యోగంలో చేరి కుంచె పక్కన పడేయడం ఆయన కళ్లారా చూశారు. బొమ్మ కొనేవాళ్లు లేరు. మరెలా బతకాలి?

వాళ్లు కనిపెట్టిన ఉపాయం చాలా మామూలుది. బాతిక్ గుడ్డలు, తోలు వస్తువుల్లాంటి చేతిపనులు చేసి అమ్మారు. ఆ డబ్బు పోగేసి సముద్రం దగ్గర దాదాపు పదెకరాల ఇసుకనేల కొన్నారు. అప్పుడది ఎవరికీ పట్టని చోటు. పగ్గం వేసి పంచుకుని, తలా ఓ ఇల్లు కట్టుకున్నారు. చేతిపని బువ్వ పెట్టింది, బొమ్మ బతికింది. వాళ్లు ఎవరి దయ మీదా ఆధారపడలేదన్నదే చోళమండలానికి ఇప్పటికీ ఉన్న గౌరవం. అక్కడి సమకాలీన కళా కేంద్రం, అంటే మనం గ్యాలరీ అంటున్న పెద్ద భవనం, 2009లో వచ్చింది. లెక్కేసుకోండి. మనుషులు వచ్చిన నలభై మూడేళ్లకి భవనం!

ఆ మద్రాసు స్కూలుకీ మన ఉత్తరాంధ్రకీ పాత చుట్టరికమే. పణికర్ కన్నా ముందు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్నవారే అంట్యాకుల పైడిరాజు. మద్రాసులోనే ఉండిపోకుండా విజయనగరం వచ్చి, ఇక్కడి పిల్లలకి బొమ్మలు నేర్పారు. మెరీనా బీచ్‌లో బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల విగ్రహం చూసుంటారు. అది ఆ రాయ్ చౌధురి చెక్కిందే. సముద్రం పక్కన పెట్టాల్సింది డాల్ఫినే కానక్కర్లేదని ఆ ఒక్క విగ్రహం చెబుతుంది.

కొబ్బరినూనె కొట్టులో కళ

పడమటి తీరానికి పోతే కొచ్చి. 2012 డిసెంబరు 12న అక్కడ మొదటి బినాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన, మొదలైంది. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు మలయాళీ చిత్రకారులు దాని వెనకున్నారు. వాళ్లు కొత్త భవనం కట్టలేదు. ఫోర్ట్ కొచ్చిలో నీళ్ల ఒడ్డున ఆస్పిన్‌వాల్ హౌస్ అని పాత గిడ్డంగుల సముదాయం ఉంది. 1867లో పెట్టిన ఇంగ్లిషు కంపెనీది. కొబ్బరినూనె, మిరియాలు, అల్లం, పసుపు, తర్వాత కొబ్బరిపీచు, కాఫీ, టీ... ఇవన్నీ అక్కణ్నుంచే ఓడలెక్కేవి. వ్యాపారం పోయింది, గోడలు మిగిలాయి. ఆ గోడల మీదే ప్రపంచం నలుమూలల కళాకారుల పని వేలాడింది.

అక్కడ నాకు నచ్చింది ఆ గోడలని సున్నం కొట్టి దాచేయకపోవడం. పెచ్చులూడిన చోటు ఊడినట్టే ఉంది. బొమ్మ చూడ్డానికి వచ్చినవాడు గోడని కూడా చూస్తాడు. ‘ఇక్కడ కూలిచేసింది మా తాతే’ అని చెప్పుకునేవాడికి ఆ హాల్లో అడుగుపెట్టడానికి బెరుకుండదు. మన జీడిపప్పు గోడౌన్లు గుర్తొచ్చాయి నాకు. పిక్కలు ఉడకబెట్టి, కోసి, పొట్టు వలిచి, సైజుల వారీగా ఏరే పని పలాసలో ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. జీడి రసానికి నల్లబడ్డ ఆ వేళ్లని ఏ చిత్రకారుడైనా వేశాడా? వేస్తే, ఆ బొమ్మని ఆ అమ్మలు చూడగలిగే చోటు ఉందా?

అయితే కొచ్చిది అంతా తియ్యటి కథేం కాదు. 2022లో ఐదో బినాలే డిసెంబరు 12న తెరుచుకోవాల్సింది, పనులు పూర్తికాక 23కి వాయిదా పడింది. ఏర్పాట్ల తీరు మీద కళాకారులే బహిరంగ లేఖ రాశారు. బొమ్మలు పెట్టడం అంటే కరెంటు, కూలీ, రవాణా, వాన నీళ్లు కారని పైకప్పు... అన్నీ సమయానికి జరగాలి. ఇదంతా పెళ్లి పందిరి లాంటి పని. పెళ్లికొడుకు అందంగా ఉంటే చాలదు.

వలల కొట్టాల పక్కన గొడవ

ఇంకో ఊరి కథ చెప్పాలి. ఇంగ్లండ్‌లో హేస్టింగ్స్ అని చిన్న సముద్రపు ఊరు. అక్కడి ఒడ్డుని స్టేడ్ అంటారు. మన గంగపుత్రుల్లాగే అక్కడా రేవు లేకుండా ఒడ్డు మీంచే పడవని నీళ్లలోకి తోస్తారు. వలలు దాచుకోడానికి నల్లగా, సన్నగా, నిలువుగా లేచిన చెక్క కొట్టాలు ఉంటాయి. ఆ కొట్టాల పక్కనే 2012లో జెర్‌వుడ్ గ్యాలరీ కట్టారు. భవనానికి కూడా నల్లటి పెంకులే తొడిగారు, వలల కొట్టాలతో కలిసిపోవాలని.

రంగు కలిసింది గానీ మనసులు వెంటనే కలవలేదు. కట్టకముందే మత్స్యకారులు అడ్డం తిరిగారు. ‘జెర్‌వుడ్ వద్దు’ అని పడవల మీదా కొట్టాల మీదా బోర్డులు కట్టారు. వాళ్లకి బొమ్మల మీద కోపం లేదు. మా ఒడ్డున, మమ్మల్ని అడక్కుండా, ఎవరికోసమో కట్టేదేమిటన్నదే వాళ్ల ప్రశ్న. కడకి గ్యాలరీ నిలబడింది. కానీ 2019లో జెర్‌వుడ్ ఫౌండేషన్ తన పేరూ, తన బొమ్మలూ తీసుకుని తప్పుకుంది. గ్యాలరీ ‘హేస్టింగ్స్ కాంటెంపరరీ’ అని ఊరి పేరు పెట్టుకుని మళ్లీ మొదలైంది. సొంత సరుకు లేని ఇంటికి అద్దెకొచ్చినవాళ్లు వెళ్లిపోతే ఏముంటుంది? గోడలే ఉంటాయి.

ఆ మత్స్యకారుల ప్రశ్న మన తీరానికి కొత్త కాదు. 2010 జులై 14న సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ అదే జరిగింది. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. సోంపేటలో ఆ ప్లాంటు రాలేదు. ‘ఇదేటి బావూ, మాకెందుకు?’ అని అడగడం రక్తం ధారపోసి నేర్చుకున్న తీరం ఇది. ఇక్కడ గ్యాలరీ కట్టాలన్నా, హోటల్ కట్టాలన్నా ఆ ప్రశ్నకి జవాబు చెప్పాకే పునాది తవ్వాలి. గ్యాలరీ గొప్ప పని కాబట్టి అడక్కపోయినా పరవాలేదనుకుంటే, అప్పుడు ఇబ్బంది తప్పదు.

సవర గోడ మీద విమానం

సరే, గోడ దొరికింది అనుకోండి. ఏం పెడతాం? ‘మన దగ్గర ఏముంది’ అనేవాళ్లకి రెండు పేర్లు చెబుతాను.

ఒకటి వపా. వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలతో తెలుగిళ్లలో ఆయన రంగులు చేరని గడప తక్కువ. మా తరం చాలామందికి సాయంసంధ్య అంటే ఆయన వేసిన సాయంసంధ్యే. అలాంటి మనిషి అసలు చిత్రాన్ని ఒక్కదాన్నయినా మన జిల్లా పిల్లవాడు దగ్గరగా నిలబడి, కుంచె గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడాలి కదా! అచ్చులో చూడటం ఫోన్లో మాట్లాడటం లాంటిది. అసలుది చూడటం అంటే ఎదురుగా కూర్చోవడం.

రెండోది పేరు లేని సంతకం. మందస, మెళియాపుట్టి, సీతంపేట కొండల్లో సవరలున్నారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, చివర నమిలిన పుల్లతో బొమ్మ వేయడం వాళ్ల ఆచారం. ఒడిశా వైపు దాన్ని ఇడితాల్ అంటారు. ముందు నాలుగు గీతలతో ఓ చట్రం గీస్తారు. అది ఇల్లు. అందులో మనుషులు, సూర్యుడు, చంద్రుడు, ఏనుగులు, నెమళ్లు. ఇది అలంకారం కోసం కాదు. చనిపోయిన పెద్దలకో, దేవతలకో ఇంట్లో చోటివ్వడం. పండక్కో, జబ్బు నయం కావడానికో వేస్తారు. వెరియర్ ఎల్విన్ సవరల మీద 1955లో ప్రచురించిన పుస్తకంలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు. వాటిలో విమానాలూ ఉన్నాయి! పలాసకి విమానాశ్రయం అని మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం గానీ, సవర గోడ మీద విమానం అప్పుడెప్పుడో దిగింది. కళ్ల ముందు కొత్తగా కనిపించిందాన్ని తన చట్రంలోకి తెచ్చుకునేదే సమకాలీన కళ అయితే, మన జిల్లాలో దానికి వాళ్లే పెద్దలు.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువులు తయారుచేసి ఆ మాటకి పుస్తకంలో చోటిచ్చారు. వాళ్ల బొమ్మకి కూడా అంత మర్యాదా దక్కాలి. ఇప్పుడు ఆ బొమ్మలు సంచుల మీదా, చీరల మీదా, ఆఫీసు గోడల మీదా కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ వేసినవారి పేరు ఏదీ? డబ్బెంత ముట్టింది? దేవుడి గది లాంటి బొమ్మని ఆఫీసు గోడ మీద ఎంతవరకు వాడొచ్చో వాళ్లని అడిగారా?

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మధ్యప్రదేశ్ దాకా వెళ్లాలి. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచినప్పుడు జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు గిరిజనుల బొమ్మలనీ, నగర చిత్రకారుల బొమ్మలనీ ఒకే కప్పు కింద, సమానంగా పెట్టించాడు. అలా వెలుగులోకి వచ్చినవాడే పాటన్‌గఢ్ గోండు కుర్రాడు జంగఢ్ సింగ్ శ్యామ్. 1989 నాటికి అతని బొమ్మలు పారిస్‌లో ఉన్నాయి. అతని దారిలో ఊరు ఊరే చిత్రకారులైంది. 2001లో జపాన్‌లో ఓ మ్యూజియం కోసం పనిచేస్తూ, ఇంటికి వేల మైళ్ల దూరంలో, నలభై ఏళ్ల ప్రాయంలో అతను ప్రాణం తీసుకున్నాడు. గోడ మీద చోటివ్వడంతో బాధ్యత తీరిపోదు. మనిషి క్షేమం కూడా చూసుకోవాలి.

గోడలు మన దగ్గరే ఉన్నాయి

ఇన్ని చెప్పాక నా లెక్క ఇదీ. సముద్రానికి ఆనుకుని అద్దాల భవనం మనకి అక్కర్లేదు. పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ ఆంక్షలు ఎలాగూ ఉన్నాయి. ఉప్పుగాలి, తేమ బొమ్మకి శత్రువులు. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే కాగితానికి బూజు పడుతుంది. తుపానొచ్చి కరెంటు పోతే ఏసీలు పనిచేయవు. అందుకని తీరానికి కాస్త లోపలగా, గాలి ఆడే మందపాటి గోడల పాత కట్టడం మేలు. పలాసలో వాడకుండా వదిలేసిన గోడౌన్ ఒకటి చాలు.

అది దొరికేలోగా చేయగల పనులున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరుచుకుంది. డయాలసిస్ అంటే ఒక్కోసారి నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. అన్ని గంటలు మనిషి చూసేది ఎదురుగా ఉన్న గోడనే. ఆ గోడ మీద మహేంద్రగిరినీ, బారువ ఒడ్డున గుడ్లు పెట్టే తాబేలునీ, నౌపడ ఉప్పుకొఠారుల తెల్లటి గుట్టలనీ మన కుర్రాళ్లు వేసిన బొమ్మగా పెడితే జబ్బు నయం కాదు, నిజమే. కానీ ఆ నాలుగు గంటలూ ఒక తీరుగా గడుస్తాయి. నెలకోసారి మారిస్తే అదే మన మొదటి గ్యాలరీ. టికెట్టు లేదు, రిబ్బను కత్తిరించక్కర్లేదు, చూసేవాళ్లు ఉంటారా అన్న బెంగ అసలే లేదు.

రెండో పని పోగేయడం. వపా అచ్చుబొమ్మలున్న పాత చందమామలు అటక మీద ఉన్నవాళ్లు, బీల పోరాటం నాడు చేత్తో రాసిన పోస్టర్లు దాచుకున్నవాళ్లు, తిత్లీ ముందు తమ తోట ఎలా ఉండేదో ఫొటో ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. డ్రాయింగ్ మాస్టార్లు ఉన్నారు. ఫ్లెక్సీలొచ్చాక పని పోయిన సైన్‌బోర్డు ఆర్టిస్టులున్నారు. వాళ్ల చేతిలో ఉన్న అక్షరం కంప్యూటర్‌కి ఇంకా రాలేదు. ఇవన్నీ ఒక జాబితాకి ఎక్కించడానికి నోటుపుస్తకం, ఓపిక ఉంటే చాలు. కారా మాస్టారి దగ్గర మొదట ఉన్నవి కూడా అవే.

మూడో పని అడగడం. వజ్రపుకొత్తూరులోనో, భావనపాడులోనో వేటకెళ్లొచ్చిన మనిషిని ‘నీ పడవ బొమ్మ ఎక్కడుండాలి?’ అని అడగాలి. మందస కొండ మీది సవర ముసలమ్మని ‘ఏది బయట పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు?’ అని అడగాలి. వాళ్లు చెప్పింది రాసుకోవాలి. వద్దంటే వద్దు. ఇలా అడుగుతూ పోతే ఏ ఏడాదికి భవనం వస్తుందో చెప్పలేను. చోళమండలానికి నలభై మూడేళ్లు పట్టింది. కానీ ఆ రోజు వచ్చేసరికి లోపల పెట్టడానికి సరుకు ఉంటుంది, తలుపు తీసుకుని లోపలికి వచ్చే మనిషికి అది తన ఇల్లన్న ధీమా ఉంటుంది. పోర్టు ఓడ దిగి ఎవరైనా పెద్దమనిషి ‘ఇక్కడ చూడ్డానికేముంది?’ అని అడిగితే, అప్పుడు జీడిపప్పు పొట్లం ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో ఆ తలుపు చూపిద్దాం.